చిన్న వ్యాపారుల దగ్గర టోట్ బ్యాగ్ కొనేటప్పుడు ఏం చూడాలి? నా దగ్గర నిలిచినవి ఏవి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పర్యావరణం కోసం, పెద్ద బ్రాండ్లు వద్దనుకుని, సొంతంగా కుట్టి అమ్ముకునే చిన్నవాళ్ల దగ్గర భుజానికి వేసుకునే ఒక టోట్ బ్యాగ్ (రెండు హ్యాండిళ్ల చేతిసంచీ) కొనాలి. ఆఫీసుకీ కూరగాయలకీ రెండింటికీ పనికిరావాలి. ఆన్‌లైన్‌లో 120 రూపాయల నుంచి 900 దాకా ఉన్నాయి, ఫోటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఇంతకుముందు కొన్నదానికి మూడు నెలల్లోనే హ్యాండిల్ ఊడిపోయింది. ఏది కొనాలి, మంచిదని ఎలా గుర్తుపట్టాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. రెండు పనులకూ ఒకే సంచీ వద్దు, రెండు కొనండి. ఆఫీసుకైతే 340 జీఎస్ఎం కాన్వాస్ (10 ఔన్సుల కాన్వాస్ అన్నా ఇంచుమించు ఇదే), పైన జిప్పు, లోపల ఒక జేబు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. కూరగాయలకైతే 200 నుంచి 250 జీఎస్ఎం కోరా గుడ్డ (బ్లీచ్ చేయని నూలు గుడ్డ), లైనింగ్ లేకుండా, ఇంట్లో బట్టలతో పాటు ఉతికేసుకునేలా. రెండూ కలిపి 600 నుంచి 800 రూపాయల్లో మంచివే వస్తాయి. కొనేముందు డిజైన్ కంటే ముందు హ్యాండిల్ కుట్టిన చోటు లోపలి వైపు నుంచి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ ఫోటో పంపమని అడగండి. పంపనివాళ్ల దగ్గర కొనకండి.

విజయవాడలో పదహారేళ్లుగా చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను. నాలుగు మెషీన్లు, ఐదుగురం మనుషులం. గుడ్డసంచీలే మా పని. వేరేవాళ్లు చేసినవి కూడా కొంటూ ఉంటాను. కొన్ని వాడుకోవడానికి, కొన్ని విప్పి చూడడానికి. మా ఇంట్లో అలమారాలో ఇప్పుడు ముప్పై పైన ఉన్నాయి. రోజూ చేతికి వచ్చేవి మాత్రం ఐదే.

హ్యాండిల్ సంగతి ఎందుకు ఇంతలా చెప్తున్నానంటే, సంచీ గుడ్డ మధ్యలో చిరగడం నేను చాలా తక్కువసార్లు చూశాను. చిరిగితే హ్యాండిల్ కుట్టిన చోటే చిరుగుతుంది. ఐదు కిలోల బరువు పెట్టామనుకోండి, ఆ బరువంతా నాలుగు చోట్ల, ఒక్కోటి అంగుళంన్నర కూడా లేని జాగాలో వేలాడుతుంది. మనం నడుస్తుంటే ఊగుతుంది, బస్సులో ఎవరో లాగుతారు. ఆ నాలుగు చోట్లా కుట్టు ఎలా ఉందన్నదే సంచీ ఆయుష్షు.

ఒక సంచీ చేతిలోకి తీసుకుని లోపలి వైపు తిప్పండి. పైఅంచు మడత కనీసం అంగుళంన్నర ఉండాలి. హ్యాండిల్ చివర ఆ మడత లోపలికి దూరి ఉండాలి, మడత మీద పైపైన అతికించినట్టు ఉండకూడదు. హ్యాండిల్ చివర చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా కుట్టు వేసి ఉండాలి. మేం దాన్ని డబ్బా కుట్టు అంటాం. చౌకరకం వాటిలో ఈ డబ్బా ఉండదు. పైఅంచు కుట్టుతో పాటే హ్యాండిల్‌ను కూడా ఒక్క వరసలో లాగించేస్తారు. అలాంటిది నాలుగు పుస్తకాలు పెట్టేసరికి దారాలు పైకి లేస్తాయి. ఇంకో చిన్న విషయం: హ్యాండిల్ దగ్గర దారం కొసలు వదులుగా వేలాడుతున్నాయంటే అక్కడ రివర్స్ కుట్టు వేసి బిగించలేదని అర్థం. కత్తిరించేస్తే పోతుంది కదా అనుకోకండి, అక్కడి నుంచే ఊడడం మొదలవుతుంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. మేం మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక పెళ్లివారు 200 సంచీలు కావాలన్నారు. అతిథులకు ఒక్కొక్కరికీ కొబ్బరికాయ, స్వీటు డబ్బా, స్టీలు గిన్నె పెట్టి ఇస్తారట. రేటు తగ్గించమన్నారు. నేను తగ్గించి, డబ్బా కుట్టు తీసేసి ఒక్క వరసతో కుట్టించాను. పెళ్లి రోజు రాత్రి ఫోను వచ్చింది. మండపం మెట్ల మీదే హ్యాండిళ్లు ఊడి, గిన్నెలు దొర్లిపోయాయట. మర్నాడు వెళ్లి మిగిలిన సంచీలన్నీ వెనక్కి తెచ్చుకుని, మళ్లీ కుట్టించి, డబ్బులు తీసుకోకుండా ఇచ్చాను. ఆ పెళ్లికూతురి తల్లి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి రేటు ఎంత తగ్గించమన్నా సరే, ఆ నాలుగు డబ్బాలు లేకుండా మా దగ్గర నుంచి ఒక్క సంచీ బయటికి పోలేదు.

ఇక గుడ్డ. జీఎస్ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. సభల్లో, షాపుల్లో ఉచితంగా ఇచ్చేవి సాధారణంగా 140, 150 జీఎస్ఎం ఉంటాయి. కరపత్రాలు పెట్టుకోవడానికి సరిపోతాయి, ల్యాప్‌టాప్‌కి చాలవు. 400 పైన ఉన్న కాన్వాస్ చాలా గట్టిది. కానీ ఖాళీ సంచీయే బరువు, ఉతికితే రెండు రోజులకు గానీ ఆరదు. మన కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో అది ముక్కిపోయిన వాసన కూడా వస్తుంది. అందుకే 340 దగ్గర ఆగమంటాను. అమ్మేవాళ్లు జీఎస్ఎం చెప్పలేకపోతే గుడ్డను గుప్పెట్లో గట్టిగా నలిపి వదలండి. తెల్లటి పొడి రాలినా, మడతలు కాగితంలా నిలిచిపోయినా గంజి ఎక్కువ పెట్టారన్నమాట. షాపులో దిట్టంగా కనిపిస్తుంది, మొదటి ఉతుకుకే నీరుకారిపోతుంది.

కోరా గుడ్డ కుంచించుకుపోతుంది, అది తప్పు కాదు. ఒకసారి తడిపి ఆరబెట్టకుండా కుట్టిన సంచీ 15 అంగుళాలది ఉతికాక ముప్పావు అంగుళం దాకా తగ్గడం నేను కొలిచి చూశాను. ల్యాప్‌టాప్ సరిగ్గా పట్టేలా కొంటే ఉతికాక పట్టదు. రెండంగుళాలు ఎక్కువ ఉన్నదే తీసుకోండి.

120 రూపాయలకు మంచి సంచీ వస్తుందా? రాదు. మా లెక్కే చెప్తాను. 340 జీఎస్ఎం కాన్వాస్ నాకు మీటరు 150 రూపాయల దగ్గర పడుతుంది. మీటరుకు రెండు సంచీలు, అంటే గుడ్డకే 75. కుట్టుకూలి 40. ప్రింట్ ఉంటే 25. దారం, లేబుల్, కరెంటు, అద్దె, పాడైన పీసులు కలిపితే ఇంకో 25. మొత్తం 165. దాన్ని 300, 320కి అమ్మితేనే స్టాల్ అద్దె, కొరియర్, అమ్ముడుపోని సరుకు భరించగలం. జిప్పు, జేబు, లైనింగ్ ఉంటే 450 దాకా న్యాయమే. అదే సంచీ ఎవరైనా 120కి ఇస్తున్నారంటే గుడ్డలోనో, కుట్టుకూలిలోనో కోత పడి ఉంటుంది. కూలిలో పడితే అది మీకు కనిపించదు, కుట్టిన మనిషికి తెలుస్తుంది. అందుకే బేరం ఆడే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోమని అడుగుతున్నాను.

అలాగని 900 పెట్టినదల్లా మంచిదీ కాదు. పోయినేడాది అంత ఖరీదు పెట్టి ఒక ముదురు నీలం సంచీ తెప్పించుకున్నాను. పెట్టె అందంగా ఉంది, లోపల చేతిరాతతో ఉత్తరం ఉంది. మొదటి రోజే చెమటకు రంగు దిగి తెల్ల చుడీదార్ భుజం మీద నీలం చార పడింది. తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూసి ఉంటే తెలిసిపోయేది. ముదురు రంగు సంచీ ఏది కొన్నా ముందు ఆ పని చేయండి.

ఇప్పుడు నాకు ఇష్టమైనవి.

మొదటిది పెడనలో కొన్నది. బందరు పక్కనే పెడన, చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం చేసే ఊరు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు అచ్చుతో అద్దుతారు. అద్దకం చేసే ఒక కుటుంబం, మిగిలిపోయిన ముక్కలతో ఇంట్లోవాళ్లే సంచీలు కుడుతుంటే అక్కడే కొన్నాను. ఆ గుడ్డ వెనక పెద్ద పని ఉంది. ముందు కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో నల్లగీత అద్దుతారు. కరక్కాయ మీద ఆ ఇనుపనీళ్లు పడగానే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, పారే నీళ్లలో ఉతికి, ఎరుపు రంగు కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. నా సంచీ మీద ఆకుల తీగ ఉంది. కుడివైపు మూలన రెండు అచ్చులు కలిసిన చోట తీగ వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అచ్చు చేత్తో పెట్టారనడానికి అదే గుర్తు, దాని మీదే నాకు ప్రేమ. కొత్తలో దగ్గరికి తీసుకుంటే కరక్కాయ వాసన వచ్చేది. ఏడేళ్లయింది. ఎరుపు కాస్త ఇటుకరంగుకు తిరిగింది, నలుపు అలాగే ఉంది.

అయితే ఒక జాగ్రత్త. కలంకారీ పేరుతో బయట అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్లు చాలా ఉన్నాయి. వెనక్కి తిప్పి చూడండి. అసలు అద్దకంలో రంగు పోగులోకి దిగి వెనక వైపు కూడా నీడలా కనిపిస్తుంది. పైపైన వేసిన ప్రింట్‌లో వెనక దాదాపు తెల్లగా ఉంటుంది, వేలితో తడిమితే రంగు ఉన్న చోట గరుకుగా తగులుతుంది. స్క్రీన్ ప్రింట్ కొనడం నేరం కాదు, కానీ అద్దకం ధర పెట్టి కొనొద్దు. ఇంకొకటి, కలంకారీ గుడ్డ పల్చన. లోపల మందపాటి కోరా లైనింగ్ లేకపోతే చీర మీదికి పర్సులా వాడుకోవాలే గానీ బరువులకు కాదు.

రెండోది పోచంపల్లి ఇక్కత్ ముక్కలు అతికి కుట్టినది, హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక చిన్న స్టాల్‌లో దొరికింది. ఇక్కత్‌లో నూలుకే ముడులు కట్టి రంగులు వేసి తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. వెనక వెలిసినట్టుంటే అది ఇక్కత్ డిజైన్ ప్రింట్ మాత్రమే. ముక్కలు అతికిన సంచీల్లో అతుకుల దగ్గర లోపలి అంచు ఓవర్‌లాక్ (అంచు చుట్టూ దారం చుట్టే కుట్టు) చేశారో లేదో చూడండి, లేకపోతే పోగులు ఊడి వస్తూనే ఉంటాయి.

మూడోది నరసాపురం లేసు సంచీ. గోదావరి జిల్లా ఇళ్లలో ఆడవాళ్లు క్రోషా సూదితో అల్లేదే. అరిటాకులో చుట్టిన పూలు, గుడికి పట్టుకెళ్లే పళ్లు, ఇలాంటివాటికి ప్రాణంలా ఉంటుంది. మూడు కిలోల టమాటాలు వేశాను, మోకాలి దాకా సాగింది. అది సంచీ తప్పు కాదు, నేను వేసిన బరువు తప్పు. లేసు సంచీ కొంటే హ్యాండిల్ మాత్రం అల్లినది కాకుండా గుడ్డది పెట్టి ఇమ్మనండి, అడిగితే చేసిస్తారు.

నాలుగోది కూరగాయలది, డ్వాక్రా మహిళల స్టాల్‌లో 90 రూపాయలకు కొన్నాను. కోరా గుడ్డ, ప్రింట్ లేదు, జేబు లేదు. డబ్బా కుట్టు మాత్రం నాలుగు చోట్లా ఉంది. పదకొండేళ్లుగా వారానికి రెండుసార్లు రైతుబజారుకు వెళ్తోంది. అడుగున ఒకసారి మాసిక వేశాను. దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు, అంత బాగుంది.

ఐదోది మా యూనిట్‌లో కుట్టినదే, దాన్ని పొగుడుకోను.

జనపనార సంచీలు ఈ లిస్టులో ఎందుకు లేవని కొందరు అడుగుతారు. చూడ్డానికి బాగుంటాయి, లంచ్ బాక్సుకు పర్వాలేదు. కానీ చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. ఉతికితే అది పగులుతుంది, ఉతక్కపోతే మన వాతావరణంలో బూజు పడుతుంది. నార పోగులు నల్ల ప్యాంటుకు అంటుకుంటాయి. పొర లేకుండా, నూలు కలిపి నేసిన జనపనార దొరికితే తీసుకోండి, అది చాలా మెరుగు.

చిన్న వ్యాపారి అంటే తనే కుట్టినవారని అనుకోవద్దు. కోల్‌కతా, తిరుప్పూరు, ఈరోడ్ వైపు నుంచి ఖాళీ సంచీలు హోల్‌సేల్‌గా తెప్పించి, ప్రింట్ వేసి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో మోసం ఏమీ లేదు, వాళ్ల కష్టం డిజైన్‌లో ఉంటుంది. కానీ హ్యాండిల్ ఊడితే వాళ్లు బాగుచేసి ఇవ్వలేరు. అందుకే సూటిగా అడగండి: "సంచీ మీరే కుట్టిస్తారా అండీ, లేక కొని ప్రింట్ వేస్తారా? కుట్టు ఊడితే బాగుచేసి ఇస్తారా?" కుట్టేవాళ్లయితే ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. నన్ను ఎవరైనా ఇలా అడిగితే టీ ఇచ్చి మరీ మెషీన్ దగ్గరికి తీసుకెళ్తాను.

ఈమధ్య తెలుగు అక్షరాలు, సామెతలు ప్రింట్ చేసిన టోట్లు బాగా వస్తున్నాయి. నాకు చాలా ఇష్టం. వాటిలో రెండు చూడండి. ఒకటి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా? డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. "అమ్మ" అని ఉండాల్సింది "అమ్‌మ" అయి, పైగా మీరు అది భుజాన వేసుకుని తిరగాలి. రెండు, ప్రింట్ రకం. డీటీఎఫ్ అని ఒక పద్ధతి ఉంది, రంగును ఫిల్మ్ మీద ముద్రించి వేడితో గుడ్డకు అతికిస్తారు. రంగులు మెరుస్తాయి, కానీ సంచీని మడిచి పెట్టే అలవాటు ఉంటే మడత దగ్గర పగుళ్లు వస్తాయి. ఒకటి రెండు రంగుల అక్షరాలకు మంచి స్క్రీన్ ప్రింటే మేలు. ఏదైనా సరే ఇస్త్రీ లోపలి వైపు నుంచే చేయండి.

షాపులో గుడ్డసంచీ అని ఇచ్చేవి చాలావరకు గుడ్డ కాదని కూడా చెప్పాలి. దగ్గరగా చూస్తే పడుగూ పేకా ఉండవు, చిన్న చిన్న చుక్కలు నొక్కినట్టు ఉంటుంది. అది నాన్‌వోవెన్, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. 2021 సెప్టెంబరు 30 నుంచి 60 జీఎస్ఎం కంటే పల్చటి నాన్‌వోవెన్ సంచీలు నిషేధం. అనుమానం ఉంటే ఒక చిన్న ముక్క కత్తిరించి స్టీలు పళ్లెంలో పెట్టి అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

పర్యావరణం కోసం కొంటున్నానని మీరు రాశారు కాబట్టి ఇదీ తెలుసుకోండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఒక లెక్క తీసింది. అక్కడి సూపర్‌మార్కెట్లలో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ సంచీతో పోలిస్తే, నూలు సంచీ వల్ల వాతావరణానికి జరిగే హాని దానికంటే ఎక్కువ కాకుండా ఉండాలంటే నూలు సంచీని 52 సార్లు వాడాలి. నీళ్లు, ఓజోన్ పొర లాంటి అన్ని ప్రభావాలూ కలిపి చూస్తే 7,100 సార్లు. ప్లాస్టిక్ కాలవల్లో, పశువుల కడుపుల్లో చేరడం ఆ లెక్కలో లేదు, కాబట్టి ప్లాస్టిక్ మంచిదని అనుకోవద్దు. కానీ పత్తి పండించడానికి, గుడ్డ నేయడానికి అయ్యే ఖర్చు నిజమైనదే. వారానికోసారి బజారుకు తీసుకెళ్తే 52 సార్లు అంటే ఏడాది. మూడు నెలల్లో హ్యాండిల్ ఊడిన సంచీ అక్కడికి చేరనే చేరదు. నేను సంచీలు అమ్ముకునే మనిషినే, అయినా చెప్తున్నాను: ఇంట్లో రెండు మంచివి ఉంటే మూడోది కొనకండి. ఉన్నదానికి హ్యాండిల్ ఊడితే పక్కవీధి టైలర్ దగ్గరికి తీసుకెళ్లి పాలిస్టర్ దారంతో డబ్బా కుట్టు వేయమనండి. ఇరవై రూపాయలు, పది నిమిషాల పని.

ఉతకడం గురించి: కాన్వాస్, కోరా సంచీలకు మామూలు సబ్బు, చల్లనీళ్లు చాలు. కలంకారీ మాత్రం మొదటి మూడుసార్లు విడిగా ఉతికి నీడలో ఆరేయండి. ఏ సంచీ అయినా హ్యాండిళ్లు పట్టుకుని తీగ మీద వేలాడదీయకండి, తడి బరువంతా కుట్టు మీదే పడుతుంది. తలకిందులుగా, అడుగు పైకి వచ్చేలా ఆరేయండి.

చివరగా మీ కొలత. భుజానికి వేసుకుంటారు కాబట్టి హ్యాండిల్ పైనుంచి సంచీ అంచు దాకా 10 నుంచి 12 అంగుళాల జాగా ఉండాలి, వెడల్పు అంగుళంపావు తగ్గకూడదు. సన్నటి హ్యాండిల్ భుజాన్ని కోస్తుంది. ఇప్పుడు మీ దగ్గరున్న ఆ ఊడిపోయిన సంచీని పారేయకండి. హ్యాండిల్ ఊడిన చోట లోపలి వైపు ఫోటో తీసి పెట్టండి. గుడ్డ చిరిగిందా, దారమే తెగిందా చూసి, బాగుచేయించుకోవచ్చో లేదో చెప్తాను.